ప్రాచీన గ్రీకు వైద్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాచీన గ్రీకు వైద్యం గురించి ఎక్కడ మాట్లాడినా చివర్లో అవే సందేహాలు వస్తాయి. నాలుగు ద్రవాలంటే ఏమిటి, అవి మన వాత పిత్త కఫాలే కదా, డాక్టర్లు చేసే శపథం హిప్పోక్రటీస్ అనే గ్రీకు వైద్యుడే రాశాడా అని. వాట్సాప్‌లో తిరిగే సూక్తులు ఈ గందరగోళాన్ని ఇంకా పెంచుతున్నాయి. అందుకే నాకు ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నల్ని అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచి, జవాబులు రాశాను. దేనికదే విడిగా అర్థమవుతుంది కాబట్టి ఎక్కడి నుంచైనా చదవచ్చు.

## మొదట్లో వచ్చే సందేహాలు

గ్రీకు వైద్యం అంటే ఏ కాలం? ఏథెన్స్‌లో పుట్టిందా?

క్రీ.పూ. 5వ శతాబ్దం నుంచి క్రీ.శ. 2వ శతాబ్దం చివరిదాకా, సుమారు ఏడు వందల ఏళ్ల కథ ఇది. ఏథెన్స్ ఒక్కదానిదీ కాదు. హిప్పోక్రటీస్ పుట్టిన కోస్ ఇప్పటి టర్కీ తీరానికి బాగా దగ్గరగా ఉన్న చిన్న దీవి. ఆరోగ్యమంటే శరీరంలోని శక్తుల మధ్య సమానత్వమని చెప్పిన ఆల్క్‌మియాన్‌ది దక్షిణ ఇటలీలోని క్రోటన్. మనిషి శరీరాన్ని కోసి చూసింది ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో. వైద్యుడు గాలెన్ ఇప్పటి టర్కీలోని పెర్గమాన్‌లో పుట్టి రోమ్‌లో పేరు తెచ్చుకున్నాడు. వీళ్లందరినీ కలిపింది ఊరు కాదు, గ్రీకు భాష.

హిప్పోక్రటీస్ నిజంగా ఉన్నాడా, లేక కల్పిత వ్యక్తా?

నిజంగానే ఉన్నాడు. క్రీ.పూ. 460 ప్రాంతంలో పుట్టాడు. డబ్బు తీసుకుని వైద్యం నేర్పే కోస్ వైద్యుడిగా ప్లేటో తన రచనల్లో ఆయన పేరు చెప్పాడు. చిక్కంతా పుస్తకాలతోనే. ఆయన పేరు మీద మనకు దొరికిన సుమారు 60 గ్రంథాలు ఒక్క చేతి రాత కావు. ఒకదానిలో చెప్పింది ఇంకోదానిలో కొట్టేస్తారు, శైలి మారిపోతుంది, కాలం కూడా మారుతుంది. వీటిలో ఫలానాది కచ్చితంగా ఆయనదే అని తేల్చడానికి ఆధారాలు చాలవు. అందుకే పండితులు "హిప్పోక్రటీస్ చెప్పాడు" అనకుండా "హిప్పోక్రటీస్ గ్రంథాల్లో ఉంది" అంటారు. ఈ జవాబుల్లో నేనూ అలాగే రాశాను.

అప్పట్లో గుళ్లలో పడుకుంటే జబ్బు నయమయ్యేదట కదా?

వైద్యదేవుడు అస్క్లేపియస్ గుడి సంగతి అది. ఎపిడారస్‌లో ఉన్న గుడి అన్నింటికన్నా పేరు పొందింది. రోగులు అక్కడ రాత్రి నిద్ర చేసేవాళ్లు. కలలో దేవుడు కనిపించి నయం చేస్తాడని, లేదా ఏం చేయాలో చెబుతాడని నమ్మకం. దవడలో ఈటె మొన ఆరేళ్లుగా ఇరుక్కుపోయిన మనిషికి దేవుడు దాన్ని పీకి చేతిలో పెట్టాడని అక్కడి రాతి శాసనంలో ఉంది. గుడిలో నిద్ర చేసి మొక్కు తీర్చుకునే అలవాటు ఉన్న మనకు ఇది వింతగా అనిపించదు. వైద్యులకూ గుడికీ పెద్ద గొడవలేమీ ఉండేవి కావు. వైద్యుడు చేతులెత్తేసిన జబ్బుతోనే చాలామంది గుడికి వెళ్లేవాళ్లు.

వైద్యులకు లైసెన్సు, డిగ్రీ లాంటివి ఉండేవా?

లేవు. ఎవరైనా తాను వైద్యుణ్ణని చెప్పుకోవచ్చు. చాలామంది ఊరూరా తిరిగేవాళ్లు. కొత్త ఊళ్లో నమ్మకం సంపాదించాలంటే ఒకటే దారి: రోగిని చూడగానే ఇంతవరకు ఏం జరిగిందో, ఇకపై ఏం జరుగుతుందో చెప్పగలగాలి. అందుకే వాళ్లు జబ్బు పేరు కన్నా దాని నడక మీద ఎక్కువ దృష్టి పెట్టారు. బానిసలకు ఎక్కువగా బానిస వైద్యులే మందిచ్చేవారని, వాళ్లు ఏమీ వివరించకుండా హుకుం జారీ చేసి వెళ్లిపోయేవారని ప్లేటో రాశాడు. స్వేచ్ఛ ఉన్న పౌరుడికైతే వైద్యుడు కూర్చుని అంతా వివరించి, ఒప్పించి, అప్పుడు మందిచ్చేవాడట.

## సిద్ధాంతం దగ్గర వచ్చే సందేహాలు

నాలుగు ద్రవాల సిద్ధాంతం సులువుగా చెప్పగలరా?

శరీరంలో రక్తం, కఫం, పసుపు పైత్యం, నల్ల పైత్యం ఉంటాయి. ఇవి సరైన పాళ్లలో కలిసి ఉంటే ఆరోగ్యం. ఏదో ఒకటి పెరిగినా, తగ్గినా, విడిపోయి ఒకచోట చేరినా జబ్బు. ఒక్కోదానికి ఒక్కో రుతువు: వసంతంలో రక్తం, ఎండాకాలంలో పసుపు పైత్యం, శరత్తులో నల్ల పైత్యం, చలికాలంలో కఫం ఎక్కువవుతాయి. వేడి, చల్లదనం, తడి, పొడి అనే గుణాలు కూడా వీటికి అంటిపెట్టుకుని ఉంటాయి. ఉదాహరణకు కఫం చల్లగా, తడిగా ఉంటుంది కాబట్టి చలికాలంలో ముక్కు కారుతుంది. ఈ లెక్క స్పష్టంగా కనిపించేది "మనిషి స్వభావం" అనే గ్రంథంలో. దాన్ని హిప్పోక్రటీస్ అల్లుడు పోలిబస్ రాశాడంటారు.

నల్ల పైత్యం అనేదే శరీరంలో లేదు కదా, మరి వాళ్లకు ఎక్కడ కనిపించింది?

అలాంటి ద్రవం లేని మాట నిజమే. అయితే వాళ్లు గాలిలోంచి ఊహించారనుకోవడం పొరపాటు. నల్లటి వాంతులు, నల్లటి విరేచనాలు, నల్లటి మూత్రం వాళ్లు కళ్లారా చూశారు. ఇంకో వివరణ నాకు చాలా నచ్చుతుంది. ల్యాబ్ రిపోర్టుల్లో మనకు కనిపించే ఈఎస్ఆర్ పరీక్షకు పునాది వేసినవాళ్లలో ఒకరు స్వీడన్ వైద్యుడు రాబిన్ ఫారేయస్. తీసిన రక్తాన్ని గాజు పాత్రలో కదపకుండా ఉంచితే పొరలుగా విడిపోతుందని ఆయన గుర్తుచేశాడు. అడుగున దాదాపు నల్లగా గడ్డ, దాని మీద ఎర్రటి పొర, ఆపైన పలచటి తెల్లని పొర, అన్నిటికన్నా పైన పసుపు నీరు. జ్వరం ఉన్నవాళ్ల రక్తంలో ఆ తెల్ల పొర మందంగా ఉంటుంది. నాలుగు ద్రవాలు ఆ పాత్రలో కనిపించినవే కావచ్చని ఆయన ఊహ. రుజువు లేకపోయినా, ఆ పాత్రను ఒకసారి ఊహించుకుంటే ఆ సిద్ధాంతం అన్ని వందల ఏళ్లు ఎందుకు నిలిచిందో అర్థమవుతుంది.

గ్రీకు వైద్యులంతా ఈ నాలుగు ద్రవాల్నే నమ్మేవారా?

లేదు. కొన్ని గ్రంథాల్లో కఫం, పైత్యం అనే రెండే ఉన్నాయి. "ప్రాచీన వైద్యం" అనే గ్రంథం రాసినాయన అయితే, జబ్బులన్నిటినీ వేడి, చల్లదనం అనే ఒకటి రెండు మాటల్లో ఇరికించేవాళ్ల మీద విరుచుకుపడ్డాడు. తర్వాతి కాలంలో, కారణాల గురించి వాదించడం మానేసి ఏ మందుకు ఏ జబ్బు తగ్గిందో చూసుకుంటే చాలనే అనుభవవాదుల బృందం ఒకటి తయారైంది. నాలుగు ద్రవాలే అసలు సిసలు గ్రీకు వైద్యం అనే పేరు స్థిరపడింది గాలెన్ వల్ల.

జబ్బు దేవుడి శాపం కాదని ఎక్కడ రాశారు?

"పవిత్ర వ్యాధి" అనే గ్రంథంలో. అప్పట్లో మూర్ఛను దేవుడు పూనడం వల్ల వచ్చే జబ్బు అనేవారు. ఈ రచయిత మొదటి మాటల్లోనే, మిగతా జబ్బుల కన్నా ఇది ఎక్కువ పవిత్రమైనదేమీ కాదని, దీనికీ సహజ కారణమే ఉందని తేల్చేశాడు. ఆ కారణం మెదడులో ఉందన్నాడు. మంత్రాలతో, శుద్ధి కర్మలతో డబ్బు గుంజేవాళ్లను గట్టిగా నిలదీశాడు. కఫం వెళ్లి నాళాలకు అడ్డం పడుతుందని చెప్పిన కారణం తప్పే. కానీ అదే గ్రంథంలో ఒక చోట, మూర్ఛ రాబోతోందని తెలియగానే పెద్దవాళ్లు సిగ్గుతో జనానికి దూరంగా పరిగెత్తి తల కప్పుకుంటారని, చిన్నపిల్లలైతే భయంతో అమ్మ దగ్గరికి పరిగెడతారని, వాళ్లకింకా సిగ్గు తెలియదు కదా అని రాశాడు. ఆ పిల్లల్ని దగ్గరుండి చూసినవాడే ఆ మాట రాయగలడు. రెండు వేల నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా మనం మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో తాళాల గుత్తి పెడుతున్నాం. దానివల్ల ఉపయోగం లేదు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తగిలే వస్తువులు తీసేసి, డాక్టరుకు చూపించాలి.

## రోగి మంచం దగ్గర

టెస్టులేవీ లేకుండా జబ్బు ఎలా కనిపెట్టేవారు?

కళ్లతో, చెవులతో, ముక్కుతో, చేతులతో. మూత్రం రంగు, అడుగున చేరిన మడ్డి, కఫం, చెమట, నిద్ర, మతి, చేతులు దుప్పటి మీద ఏం చేస్తున్నాయి, అన్నీ చూసేవారు. దుప్పటి నూగు పీకుతున్నట్టు, గాలిలో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులు కదిలితే ప్రాణం మీదికి వచ్చిందని గుర్తు. ఛాతీకి చెవి ఆనించి వినేవారు. రోగిని భుజాలు పట్టుకుని ఊపి లోపల నీరు కదిలిన చప్పుడు వినేవారు. ఒకరకం చప్పుడు తోలు కిర్రుమన్నట్టు ఉంటుందని రాశారు.

చావు దగ్గరపడిన ముఖం గురించిన వర్ణనను ఇప్పటికీ "హిప్పోక్రటీస్ ముఖం" అంటారు: ముక్కు కొనదేరి, కళ్లు లోతుకుపోయి, కణతలు గుంటపడి, చెవులు చల్లబడి, నుదుటి చర్మం బిగుసుకుని ఎండిపోయి ఉంటుంది. అయితే వెంటనే ఒక జాగ్రత్త కూడా చెప్పారు. ముఖం అలా ఉందని కంగారుపడకండి, ముందు నిద్ర లేదేమో, విరేచనాలు ఎక్కువయ్యాయేమో, తిండి తినలేదేమో అడగండి అని.

రోగుల కేసు షీట్లు నిజంగా దొరికాయా?

దొరికాయి. హిప్పోక్రటీస్ గ్రంథాల్లో ఒకటైన "ఎపిడమిక్స్" మొదటి, మూడో పుస్తకాల్లో మొత్తం 42 మంది రోగుల వివరాలు రోజువారీగా ఉన్నాయి. మొదటి రోగి పేరు ఫిలిస్కస్, ఊరి గోడ దగ్గర ఉండేవాడు. మొదటి రోజు తీవ్రమైన జ్వరం, చెమటలు. మూడో రోజు మధ్యాహ్నం దాకా జ్వరం తగ్గినట్టే అనిపించింది, సాయంత్రానికి మళ్లీ పెరిగింది. దాహం, నాలుక పిడచకట్టడం, నల్లటి మూత్రం, రాత్రంతా నిద్ర లేక సంధి మాటలు. ఐదో రోజు ముక్కులోంచి కొద్దిగా రక్తం, ఆ రాత్రి మాట పడిపోయింది, కాళ్లు చేతులు చల్లబడ్డాయి. ఆరో రోజు మధ్యాహ్నానికి పోయాడు. చివర్లో ఒక వాక్యం: మొదటి నుంచీ ఊపిరి, గుర్తుచేసుకుని తీస్తున్నట్టు, ఆగి ఆగి, దీర్ఘంగా ఉంది.

ఆ 42 మందిలో సగానికి పైగా చనిపోయారు. ఆ సంగతి దాచలేదు. ఏ మంత్రం వేశాం, ఎంత గొప్పగా నయం చేశాం అన్న మాట ఎక్కడా లేదు. నాకు గ్రీకు వైద్యం అంటే నాలుగు ద్రవాలు కాదు, ఫిలిస్కస్ పక్కన ఆరు రోజులు కూర్చున్న ఆ పేరు తెలియని మనిషే గుర్తొస్తాడు.

"క్రైసిస్" అనే మాట వైద్యంలోంచే వచ్చిందా?

అవును. గ్రీకులో దానికి తీర్పు అని అర్థం. లోపలి చెడు ద్రవం శరీరపు వేడికి ఉడికి పక్వానికి వస్తుందని, గడ్డ పండినట్టు అన్నమాట, అప్పుడు చెమటగానో, మూత్రంగానో, రక్తంగానో బయటికి పోతుందని వాళ్ల నమ్మకం. ఆ మలుపు రోజే క్రైసిస్. బతుకుతాడా పోతాడా అన్నది ఆ రోజు తేలిపోతుంది. 7వ రోజు, 14వ రోజు లాంటి లెక్కలు వేసి, ఆ రోజుల్లో రోగిని ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండేవారు.

మలేరియా వాళ్లకు తెలుసా?

పేరు, కారణం తెలియవు. జబ్బు మాత్రం క్షుణ్ణంగా తెలుసు. రోజు విడిచి రోజు వచ్చే జ్వరాన్ని, రెండు రోజులు విడిచి వచ్చే జ్వరాన్ని వేరుచేసి పేర్లు పెట్టారు. "గాలులు, నీళ్లు, స్థలాలు" అనే గ్రంథంలో, నిలవ ఉన్న చిత్తడి నీళ్లు తాగే ఊళ్లలో జనానికి ప్లీహం పెరిగి గట్టిపడుతుందని రాశారు. చిత్తడి నేల, ప్లీహం, జ్వరం వచ్చే లెక్క, మూడూ సరిగ్గా చూశారు. మధ్యలో దోమ ఒక్కటే కనిపించలేదు, తప్పంతా నీళ్ల మీదికి నెట్టారు. ఆ దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న.

## చికిత్స మీద ప్రశ్నలు

రోగికి మొదట ఏం ఇచ్చేవారు? మందా, పథ్యమా?

పథ్యమే. ఇంగ్లీషు "డైట్" అనే మాటకు మూలమైన గ్రీకు పదం తిండికే పరిమితం కాదు. తిండి, నిద్ర, స్నానం, నడక, వ్యాయామం అన్నీ అందులోకి వస్తాయి. జ్వరాలకు ముఖ్యమైన ఆహారం బార్లీ గంజి. గింజలతో చిక్కగా ఇవ్వాలా, వడగట్టి పలచటి తేటే ఇవ్వాలా, ఏ రోజు మొదలుపెట్టాలి అన్న దాని మీద పేజీలకు పేజీలు రాశారు. తేనె కలిపిన నీళ్లు, తేనె కలిపిన వెనిగర్ కూడా ఇచ్చేవారు. జ్వరం వచ్చినవాడికి గంజి కాచి పోసే ఇళ్లలో పెరిగినవాళ్లకు వాళ్ల జాగ్రత్త వెంటనే అర్థమవుతుంది.

రక్తం తీయడం వల్ల ఎవరికైనా తగ్గిందా?

కొన్ని అరుదైన జబ్బులకు తప్ప, రక్తం తీయడం వల్ల మేలు లేదు, బలహీనపడిన మనిషికి హాని కూడా. హిప్పోక్రటీస్ గ్రంథాల్లో ఇది ఉన్నా తర్వాతి కాలంలో ఉన్నంత విచ్చలవిడిగా లేదు. అలెగ్జాండ్రియా వైద్యుడు ఎరసిస్ట్రటస్ దీన్ని ఇష్టపడక, ఉపవాసం మేలన్నాడు. గాలెన్ మాత్రం దీన్ని గట్టిగా సమర్థించి, ఎరసిస్ట్రటస్ మీద పుస్తకాలే రాశాడు. గాలెన్ మాటే చెల్లింది. దాని ఫలితం 19వ శతాబ్దం దాకా రోగులు అనుభవించారు.

మందులు ఏవి వాడేవారు?

ఎక్కువగా మొక్కలే. బాగా పేరున్నది హెల్లెబోర్, వాంతులకు, విరేచనాలకు ఇచ్చేవారు. ఇది విషం. హెల్లెబోర్ తాగాక ఈడ్పులు వస్తే చావేనని వాళ్లే రాసిపెట్టారు. క్రీ.శ. 1వ శతాబ్దంలో డయోస్కోరిడీస్ సుమారు 600 మొక్కల వివరాలతో రాసిన గ్రంథాన్ని పదిహేను వందల ఏళ్ల పాటు వాడారు. స్త్రీల వ్యాధుల మీద రాసిన హిప్పోక్రటీస్ గ్రంథంలో మిరియాన్ని భారతదేశపు మందు అన్నారు. గ్రీకులో దాని పేరు "పెపెరి", మన "పిప్పలి"లోంచి ప్రయాణం చేసి వెళ్లిన మాటే.

ఆపరేషన్లు చేసేవారా?

చేసేవారు. విరిగిన ఎముకలకు కట్టు, పుండ్లకు వాత పెట్టడం, ఛాతీలో చేరిన చీము తీయడం తెలుసు. తలకు దెబ్బ తగిలితే పుర్రెకు రంధ్రం వేసేవారు, వేసేటప్పుడు బరమా వేడెక్కకుండా మాటిమాటికీ చల్లటి నీళ్లలో ముంచమని జాగ్రత్త చెప్పారు. భుజం గూడ జారితే చంకలో మడమ ఆనించి చెయ్యి లాగే పద్ధతికి ఇప్పటికీ హిప్పోక్రటీస్ పేరే ఉంది.

"కీళ్లు" అనే గ్రంథంలో ఒక చోట రచయిత తన ఓటమి చెప్పుకున్నాడు. గూని సరిచేద్దామని రోగి కింద ఖాళీ తోలుతిత్తి పెట్టి, గొట్టంతో గాలి ఊది చూశాడు. కుదరలేదు. ఇది కావాలనే రాస్తున్నాను, విఫలమైన ప్రయత్నాలు, అవి ఎందుకు విఫలమయ్యాయో తెలుసుకోవడం కూడా మంచి పాఠమే అన్నాడు. రోగిని నిచ్చెనకు కట్టి తలకిందులుగా జారవిడిచే వైద్యుల్ని, జనం నోరెళ్లబెట్టడానికే అలా చేస్తారని తిట్టాడు.

ఆడవాళ్ల జబ్బుల గురించి వాళ్లు రాసినవి నమ్మవచ్చా?

చాలావరకు నమ్మలేం. గర్భసంచి శరీరంలో అటూ ఇటూ తిరుగుతుందని, దానివల్లే ఊపిరాడకపోవడం లాంటివి వస్తాయని నమ్మారు. దాన్ని చోటికి రప్పించడానికి ముక్కు దగ్గర దుర్వాసన, కింద సువాసన ధూపం వేసేవారు. ఆడవాళ్ల బాధను ఇలా అర్థం చేసుకోవడం వల్ల ఎంత నష్టం జరిగిందో చెప్పలేం. క్రీ.శ. 2వ శతాబ్దం మొదట్లో ఎఫెసస్‌కు చెందిన సొరానస్, గర్భసంచి జంతువులా తిరగదని రాసి ఈ ధూపాల్ని తప్పుపట్టాడు.

"ఆహారమే నీ ఔషధం కావాలి" అన్నది హిప్పోక్రటీసే కదా?

కాదు. ఆయన పేరు మీద ఉన్న ఏ గ్రంథంలోనూ ఈ వాక్యం లేదు. ఆ వైద్యులు పథ్యానికి ఎంతో విలువిచ్చినా, ఆహారం వేరు, మందు వేరు అన్న తేడా వాళ్లకు స్పష్టంగా ఉండేది.

ఇప్పటి డాక్టర్లు చేసే శపథం అదేనా?

అచ్చంగా అదే కాదు. అసలు శపథం అపోలో, అస్క్లేపియస్, హైజియా, పనాకియా దేవతల సాక్షిగా మొదలవుతుంది. గురువును తండ్రిలా చూసుకోవాలి, అడిగినా విషం ఇవ్వకూడదు, మూత్రాశయంలో రాళ్లు తీయడానికి కత్తి పట్టకుండా ఆ పని చేసేవాళ్లకే వదిలేయాలి, రోగి ఇంట్లో విన్నది బయటపెట్టకూడదు అన్నవి అందులోనివే. "ముందు హాని చేయకు" అనే లాటిన్ సూక్తి అందులో లేదు. దానికి దగ్గరి మాట "ఎపిడమిక్స్"లో ఉంది: మేలు చెయ్యి, లేదా కనీసం హాని చేయకు. ఆ శపథానికి కొత్త రూపంగా 1948లో జెనీవా ప్రకటన వచ్చింది. మన దేశంలో 2022లో జాతీయ వైద్య కమిషన్ చరక శపథాన్ని సూచించింది.

## హిప్పోక్రటీస్ తర్వాత

మనిషి శవాన్ని కోసి చూసిన మొదటివాళ్లు ఎవరు?

గ్రీకుల్లో క్రమపద్ధతిగా కోసి చూసింది క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలోని హెరోఫిలస్, ఎరసిస్ట్రటస్. హెరోఫిలస్ నరాల్ని గుర్తించాడు, నాడి వేగాన్ని నీటి గడియారంతో కొలిచాడు. రాజులు జైళ్లలోంచి పంపిన ఖైదీల్ని ప్రాణం ఉండగానే కోశారని రోమన్ రచయిత సెల్సస్ రాశాడు. అదే నిజమైతే ఆ జ్ఞానం చాలా ఘోరమైన ధరకు దొరికింది.

గాలెన్ అంత గొప్పవాడైతే అన్ని తప్పులు ఎలా చేశాడు?

గాలెన్ క్రీ.శ. 129లో పుట్టాడు. పెర్గమాన్‌లో గ్లాడియేటర్లకు వైద్యం చేస్తూ గాయాల్లోంచి శరీరం లోపలికి చూశాడు. ధమనుల్లో గాలి కాదు, రక్తమే ఉంటుందని చూపించాడు. అరుస్తున్న పంది గొంతు దగ్గరి నరాన్ని అందరి ముందూ కట్టేస్తే అరుపు ఠక్కున ఆగిపోయింది. గొంతును నడిపేది మెదడు నుంచి వచ్చే నరాలేనని అలా నిరూపించాడు. కానీ ఆ కాలంలో మనిషి శవాన్ని కోసే వీలు లేదు, కోతుల్లో, పందుల్లో చూసిందే మనిషిలోనూ ఉంటుందనుకున్నాడు. గుండె మధ్య గోడలో కంటికి కనిపించని రంధ్రాలున్నాయన్నాడు. ఆయన తప్పుల కన్నా, తర్వాతివాళ్లు కళ్లు మూసుకుని ఆయన్ని నమ్మడం ఎక్కువ చేటు చేసింది. 1543లో శరీర నిర్మాణం మీద వెసాలియస్ పుస్తకం, 1628లో రక్త ప్రసరణ మీద హార్వే పుస్తకం వచ్చాకే అవి సరిదిద్దబడ్డాయి.

## మన దగ్గరికి వచ్చేసరికి

ఆయుర్వేదం గ్రీకుల నుంచి వచ్చిందా, గ్రీకులే మన దగ్గర నేర్చుకున్నారా?

పోలికలు ఉన్నాయి: కఫం, పైత్యం, రుతువులు, పథ్యం. తేడాలూ ఉన్నాయి: గ్రీకుల లెక్కలో రక్తం ఒక ద్రవం, వాతానికి ఆ చోటు లేదు. ఒకరి సిద్ధాంతాన్ని ఇంకొకరు ఎత్తుకెళ్లారని చెప్పడానికి తగిన ఆధారం లేదు. మందు దినుసులు మాత్రం సముద్రాలు దాటాయి.

యునానీ వైద్యం అంటే గ్రీకు వైద్యమేనా?

పేరు అదే చెబుతుంది. అయోనియా అనే గ్రీకు ప్రాంతం పేరే "యునాన్" అయింది, మన పుస్తకాల్లోని "యవన" కూడా ఆ మాటే. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్, ఆయన శిష్యులు గాలెన్ గ్రంథాల్ని సిరియాక్, అరబ్బీ భాషల్లోకి తెచ్చారు. హిప్పోక్రటీస్ బుఖ్రాత్ అయ్యాడు, గాలెన్ జాలినూస్ అయ్యాడు. ఇబ్న్ సీనా లాంటి వైద్యులు దాన్ని పెంచి పెద్దచేశారు. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా టిబ్బీ కాలేజీలో చదివే విద్యార్థి ఈనాటికీ దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అని చదువుతాడు. రక్తం, కఫం, పసుపు పైత్యం, నల్ల పైత్యం. ఎర్రగడ్డలోని యునానీ పరిశోధన సంస్థకు బొల్లి చికిత్స కోసం జనం వస్తుంటారు.

ఈ గ్రీకు చికిత్సల్ని ఇంట్లో చేసుకోవచ్చా?

బార్లీ గంజి, నడక, సరైన నిద్ర అయితే నిరభ్యంతరంగా. రక్తం తీయించుకోవడం, వాంతి మందులు, వాతలు మాత్రం వద్దు. రోజు విడిచి రోజు చలి జ్వరం వస్తుంటే 7వ రోజు దాకా ఎదురుచూడకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. వచ్చే జ్వరాన్ని టైముతో సహా ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపిస్తే ఆయనకు చాలా ఉపయోగం.